తొందర వరుస

గాజుగదిలో చివరి మొలకలకు ఎరువునీళ్లు పోస్తుండగా మేనకోడలి ఫోను వచ్చింది.

"మావయ్యా, అమ్మకి ఊపిరి ఆడటంలేదు. నిన్నే అడుగుతోంది. వచ్చెయ్."

తోటమాలి సరేనన్నాడు. అయినా మిగిలిన నాలుగు ట్రేలూ తడిపాకే లేచాడు. ముప్పై ఏళ్లుగా ఆ ఉద్యానవనంలో అతని చేతికింద ఒక్క మొలకా ఎండలేదు. పది నిమిషాలే పట్టింది. తర్వాత రెండుసార్లు చేతులు తోముకుని పరుగుతీశాడు.

విమానాశ్రయంలో అతనికి తొందర వరుస ఉంది, తరచూ ప్రయాణించేవాళ్లకు తనిఖీ త్వరగా అయ్యే వరుస. నెలనెలా అక్కను చూడడానికి వెళ్తాడని కిందటేడు మేనకోడలే దరఖాస్తు పెట్టించింది. అప్పుడు అరిగిపోయిన వేలిముద్రలు యంత్రానికి అందక నాలుగుసార్లు నొక్కించారు. ఈ వరుసలో బూట్లు విప్పక్కర్లేదు, బెల్టు తియ్యక్కర్లేదు. కానీ ఇవాళ ముందు నలభై మంది ఉన్నారు, పనిచేస్తున్న తనిఖీ యంత్రం ఒక్కటే. తనతోపాటు గుమ్మంలో అడుగుపెట్టిన చేతికర్ర ముసలామె మామూలు వరుసలోంచి అప్పుడే అవతలికి వెళ్లిపోయింది.

"తొందర వరుసట," అన్నాడు వెనకాయన. "ఇక్కడే కాపురం పెట్టేలా ఉన్నాం. పెద్దాయనా, పొయ్యి మీరు తెస్తారా, నన్ను తెమ్మంటారా?"

తోటమాలి గోడ గడియారం చూశాడు. విమానం తలుపు మూయడానికి ఇరవై రెండు నిమిషాలుంది. పద్దెనిమిది. పదమూడు. వంతు వచ్చేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

సంచీ పట్టా మీద పెట్టి, జేబులో ఉన్నవన్నీ ట్రేలో వేసి చేతులు చాపాడు. తనిఖీ చేసే అమ్మాయి అరచేతుల మీద తెల్లటి గుడ్డముక్క రాసి యంత్రంలో పెట్టింది. యంత్రం కీచుమంది.

"పేలుడు పదార్థం అంటోందండీ. ఏం పని చేస్తారు మీరు?"

"మొక్కలు పెంచుతానమ్మా. పొద్దున ఎరువు కలిపాను."

"ఎరువులోని నత్రమేనని నాకు అర్థమైంది. దానికి అర్థం కావద్దూ? మా పై అధికారి రావాలి. అప్పటిదాకా ఏదీ ముట్టుకోకండి."

అతను చేతులు ఒంటికి ఎడంగా పట్టుకుని నిలబడ్డాడు. గోళ్ల సందుల్లో ఇంకా నల్లగానే ఉంది. ఆ నాలుగు ట్రేలూ ఒక పూట ఆగలేవా? ఆగేవే.

ట్రేలో ఫోను వణికింది. చెయ్యి ముందుకు చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"నా మేనకోడలమ్మా. మా అక్కకి బాగాలేదు."

అమ్మాయి ఒకసారి అటూ ఇటూ చూసింది. ఫోను తనే తీసి, అతని చెవి దగ్గర పట్టుకుంది. అతను కాస్త వంగాడు.

"మావయ్యా. ఇంక తొందరపడకు. నెమ్మదిగా రా."

"ఎప్పుడమ్మా?"

"ఇప్పుడే. ఓ పది నిమిషాలైంది."

ఫోను పెట్టేశాక కూడా అమ్మాయి చెయ్యి కొంతసేపు అలాగే ఉంచింది. అధికారి వచ్చి, మళ్లీ గుడ్డముక్క రాశాడు. ఈసారి యంత్రం పలకలేదు.

"వెళ్లొచ్చు."

"ఎటువైపు?" అని అడిగాడు, నెలనెలా నడిచే దారే అయినా. అమ్మాయి చెయ్యెత్తి చూపించింది. సంచీ భుజాన వేసుకుని, ఫోను పట్టుకుని, జనంలో పడి నెమ్మదిగా వెళ్లిపోయాడు.

ఆమె ఖాళీ ట్రే అనుకుని తీయబోయింది. అడుగున అతని కళ్లజోడు ఉంది. విరిగిన కాడకు, మొక్కలకు అంటుకట్టే పచ్చపట్టీ, ఎక్కడా ముడత లేకుండా చుట్టి ఉంది.