తాడు అవతల

రెండు రోజులకు సరిపడా దోసెల పిండి రుబ్బుతున్నాను. గ్రైండర్ చప్పుడులోనే మా ఆయన పాల్ వంటింటి గుమ్మంలోకి వచ్చి అన్నాడు: "రేపు పోతే పో. చట్నీ కూడా చేసిపెట్టి పో. ఆటలకు పొయ్యి వచ్చేది కూడా ఒక ఉద్యోగమేనా." వరండాలోంచి మా అత్త కామమ్మ అందుకుంది: "పిల్లకాయలు ఎగిరేదానికి నువ్వెందుకు అమ్మే? మొగ అయ్యోర్లు లేరా ఆ బళ్ళో?"

ఉన్నారు. గొడవంతా అక్కడే ఉంది.

ఉదయగిరి దగ్గర హైస్కూల్లో నేను వ్యాయామ టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. చెప్పిన పని కాదనకుండా చేయడమే చదువుకు మర్యాద అనుకుంటూ వచ్చాను. ఆడపిల్లల ఖోఖో జట్టుకు రోజూ పొద్దున ఆరింటికి నేనే నేర్పిస్తాను. ఎవరికి ఏ కాలు బలమో, కోప్పడితే ఎవరు ముడుచుకుపోతారో నాకు తెలుసు. పోటీల ఫారం మీద మాత్రం కోచ్ అంటే పెంచలప్రసాద్ సార్. ఆడపిల్లల వెంట ఆడటీచరు తప్పనిసరి అని రూలు కాబట్టి నేను ఎస్కార్ట్‌ని. కోచ్ కోర్టు చుట్టూ కట్టిన తాడు లోపల కూర్చుని పిల్లలతో మాట్లాడతాడు. ఎస్కార్ట్ తాడు అవతల సంచులకీ నీళ్ళ సీసాలకీ కాపలా.

పోయిన ఏడాది ఆత్మకూరులో మ్యాచ్ రోజు పొద్దున్నే మా జట్టులోని చైత్రకు నెలసరి వచ్చింది. నాకు చెప్పింది. సార్‌కి ఎలా చెబుతుంది? ఆయన తనని మొదటి ముగ్గురిలోనే దించాడు. తాడు దాకా వెళ్ళి, "సార్, చైత్రను చివర్లో పంపండి" అన్నాను. "మీరు అవతల కూర్చోండి మేడమ్, నేను చూసుకుంటా" అన్నాడు. కారణం అందరి ముందూ చెప్పలేక వెనక్కి వచ్చాను. నిమిషం తిరక్కుండానే చైత్ర అవుటైంది. "ఏంది పాపా ఆ నడక, పెళ్ళికి పోతుండావా?" అని సార్ అరిచాడు. జనం నవ్వారు. చైత్ర మాత్రం నా వైపే చూసింది. మర్నాటి నుంచి గ్రౌండుకు రాలేదు.

మొన్న వాళ్ళ వీధిలో కనబడితే అడిగాను. "మీరు లోపలుంటే వస్తా మేడమ్. సంచుల కాడ ఉంటే రాను" అంది. ఇప్పుడు పదో తరగతి. మా బళ్ళో తనకిదే ఆఖరి ఏడాది.

పదకొండింటికి హెడ్మాస్టర్ నారాయణయ్య గారు ఫారం నా ముందుకు జరిపారు. పన్నెండో ఆటగత్తె పేరు ఖాళీ. కోచ్ పేరు అప్పటికే రాసి ఉంది.

"ఎస్కార్ట్ దగ్గర సంతకం పెట్టమ్మా. ఆడబిడ్డల్ని భద్రంగా తీసకపొయ్యి తీసకరావడం మీ సామాజిక బాధ్యత గదా."

పొద్దున రుబ్బిన పిండి గుర్తొచ్చింది. ఇంట్లోనూ ఇదే మాట, కాస్త మర్యాద తక్కువ, అంతే.

ఖాళీలో చైత్ర పేరు రాశాను. కోచ్ పేరు మీద ఒక్క గీత గీసి, పక్కన నా పేరు కరుణశ్రీ అని రాశాను.

"ఏందమ్మా ఇది? సార్ ఏమనుకుంటాడు? ఇట్టయితే టీమే పోదు."

"ఆడటీచర్ లేకపోయినా పోదు గదా సార్. ఈ గడిలో అయితేనే నేను పోతా."

"పిల్లకాయల గురించన్నా ఆలోచించు."

"వాళ్ళ గురించే సార్."

ఆయన స్టాంపు చేతిలోకి తీసుకున్నారు. "ఏదన్నా తేడా వస్తే బాధ్యత నీదే."

"నాదే సార్. అందుకే అక్కడ రాసినాను."

స్టాంపు పడింది.

బయటికి వచ్చి చైత్ర వాళ్ళమ్మకు ఫోన్ చేశాను, రేపు పొద్దున ఆరింటికి పాపను బస్టాండుకు పంపమని. తరువాత పాల్‌కు చేశాను.

"పిండి ఫ్రిజ్‌లో ఉండాది," అన్నాను. "చట్నీ నువ్వు చేసుకో."