దారికి కూలి

ఒడీల్ నా భర్తకు అక్క. నాకు వదినా ఆవిడే, యజమానురాలూ ఆవిడే. ఆ రెండూ ఒకే మనిషి అయితే ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

నదికి అవతలి గట్టు కెనడా, ఇవతలి గట్టు మా లోయ. ఈ లోయలో లేవలేని ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానం చేయించి, మందులిచ్చి, వేడిగా ఏదైనా తినిపించి వచ్చే ఆడవాళ్ళం తొమ్మిది మందిమి ఆమె దగ్గర పనిచేస్తున్నాం. డబ్బిచ్చేది ఆ ముసలివాళ్ళు కాదు, లేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా. పావుగంటకు ఇంత అని రేటు కట్టేది రాష్ట్ర రాజధానిలో కూర్చున్న ఆరోగ్య శాఖ. ఆ పావుగంట మేము గడప లోపల అడుగుపెట్టాక మొదలవుతుంది, బయటికి రాగానే ఆగిపోతుంది. నేను చూసుకునే రొజేర్ మిషో ఇల్లు మా ఊరికి నలభై మైళ్ళు. మంచు కురిస్తే గంటంబావు ప్రయాణం. ఆ దారి పెట్రోలు, దారిలో మా జీతం, అన్నీ ఒడీల్ ఆ పావుగంటల డబ్బులోంచే సర్దాలి.

సెప్టెంబరులో శాఖ నుంచి ఒక లావుపాటి కవరు వచ్చింది. రేట్లు కొత్తగా కడుతున్నాం, దేనికెంత ఖర్చవుతోందో రాసి పంపండి అని. ముప్పై ఎనిమిది పేజీలు.

"ఆరేళ్ళ కిందటా ఇలాగే అడిగారు. చేతులు పడిపోయేలా రాసి పంపాను. ఏం ఒరిగింది? ఏడు సెంట్లు పెంచారు. వీళ్ళ మొహానికి మళ్ళీ రాయాలా?" అంటూ ఒడీల్ దాన్ని మూలకు విసిరేసింది.

"మనం రాయకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది వదినా?"

"జిస్లేన్, నువ్వు వీపులు తోమే పని చూసుకో. కాగితాలు నేను చూసుకుంటా."

ఆ తర్వాత వచ్చిన రెండు ఉత్తరాలను ఆమె విప్పనైనా లేదు. ఆ సంగతి నాకు అప్పట్లో తెలియదు.

జనవరిలో కొత్త రేట్ల ముసాయిదా వచ్చింది. ఇంటికీ ఇంటికీ మధ్య ప్రయాణం తొమ్మిది నిమిషాలని కట్టారు. ఒడీల్ చదివి బల్ల మీద గుద్దిన గుద్దుకు కాఫీ ఒలికిపోయింది. రాజధానిలో బహిరంగ విచారణ ఉందని తెలిసి నన్ను కూడా తన వ్యానులో ఎక్కించుకుంది. ఐదు గంటల దారి పొడవునా తిట్లు సాధన చేసింది.

విచారణ గదిలో ముప్పై మంది దాకా ఉన్నారు. ఎదురుగా రేట్లు కట్టే అధికారి విట్‌కోంబ్, బూడిదరంగు స్వెట్టరు వేసుకున్న బట్టతల మనిషి. మనిషికి మూడు నిమిషాలు మాట్లాడే వీలిచ్చారు.

"తొమ్మిది నిమిషాలా?" అంది ఒడీల్. "తొమ్మిది నిమిషాల్లో మా దగ్గర కారు మీద మంచు కూడా గీకలేం. ఎక్కడ ఏరుకొచ్చారండీ ఈ అంకె?"

జనం చప్పట్లు కొట్టారు. విట్‌కోంబ్ చలించలేదు.

"మేం ఏరుకొచ్చింది కాదు. సంస్థలు రాసి పంపిందే. నలభై ఒక్క జవాబులొచ్చాయి. ముప్పై ఆరు దక్షిణాన సముద్రపు ఒడ్డు పట్నాలవి." ఒక పేజీ తిప్పాడు. "మీ జిల్లా నుంచి ఒక్కటీ లేదు. మీకు మూడుసార్లు పంపాం."

"రాస్తే మాత్రం చదివి ఏడుస్తారా?"

"మీ మూడు నిమిషాలూ అయిపోయాయి."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బయట వసారాలో ఆయన ఒంటరిగా దొరికితే వెళ్ళి అడిగాను.

"ఇంకేం చెయ్యలేమా?"

"పది రోజుల గడువుంది. తిట్లు కాదు, అంకెలు పంపండి."

"ఎప్పుడైనా మా వైపు వచ్చారా మీరు?"

"లేదు. వచ్చినా మీతో వచ్చినావిడ లోపలికి రానివ్వరు. చూడమ్మా, శాసనసభ డబ్బు ఇంతే అని మూట కట్టి ఇస్తుంది. మీకు పెంచితే ఇంకెవరికో తగ్గించాలి. వాళ్ళూ వచ్చి ఇలాగే తిడతారు."

తిరుగు దారిలో ఒడీల్ మొదలుపెట్టింది. "ఆ బట్టతలాడితో ఏంటే గుసగుసలు?"

"నువ్వు విప్పని ఉత్తరాల గురించి."

ఆమె వ్యాను రోడ్డు పక్కకు లాగి ఆపింది. "నా తమ్ముడి మొహం చూసి నీకు పనిచ్చాను. గుర్తుందా?"

"గుర్తుంది. నీ పంతానికి మా తొమ్మిది మంది కడుపులు కొట్టావు. అదీ గుర్తుంటుంది."

ఒడీల్ గేరు మార్చి వ్యానును మళ్ళీ రోడ్డెక్కించింది.

ఆ వారమంతా మేం తొమ్మిది మందిమీ ఎక్కడ బయల్దేరాం, ఎప్పుడు చేరాం, నిమిషాలతో సహా రాసుకున్నాం. ఒడీల్ సంతకం పెట్టనంది. "ఇప్పుడు పెడితే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు." మా పేర్లతోనే పంపేశాం. మర్నాడే ఆమె ముప్పై మైళ్ళు దాటిన ఇళ్ళకు ఇక వెళ్ళేది లేదని నోటీసు అంటించింది. నా మీద కోపమో, నిజంగా గిట్టుబాటు కాకో, ఈనాటికీ చెప్పలేను.

ఆ సంగతి రొజేర్‌కు చెప్పాల్సింది నేనే. ఎనభై ఆరేళ్ళ రైతు. గడ్డం గీస్తూ చెప్పాను.

"నీ వదిన చిన్నప్పుడు నా పొలంలో బంగాళాదుంపలు ఏరేదమ్మాయ్," అన్నాడు. "పీపా నింపినందుకు నేనిచ్చేది చాలదని ఓసారి మట్టిగడ్డ తీసి నా నెత్తిన కొట్టింది. నిజమే, తక్కువే ఇచ్చేవాణ్ణి. దానికదే మింగుడు పడలేదు."

"మరి మీరేం చేశారు?"

"మర్నాడు పనికి రావొద్దన్నాను. ఇంకేం చేస్తాను?"

మార్చిలో ఆయన్ను పట్నంలో వృద్ధుల ఆసుపత్రికి తరలించారు. అక్కడ ఆయన ఒక్కరోజు మంచానికి అదే బీమా కట్టేది, మేము వారమంతా వెళ్ళినా మాకిచ్చే దానికంటే ఎక్కువ.

మేలో ఖరారు రేట్లు వచ్చాయి. మా జిల్లాకు తొమ్మిది నిమిషాలు కాస్తా ఇరవై ఆరయ్యాయి. తొమ్మిది మంది పనివాళ్ళు పంపిన వివరాల ఆధారంగా, అని కింద రాశారు. ఒడీల్ మా అందరి ముందూ చదివింది.

"ఇరవై ఆరంటే మనకు పట్టేదాంట్లో సగం కూడా కాదు," అంది. ఆ కాగితం మడుస్తూ, నా వైపు చూడకుండా, "మిషోని మళ్ళీ ఇంటికి తెచ్చుకుంటారేమో కనుక్కో," అంది.

"నోటీసు పెట్టింది నువ్వు. నువ్వే పోయి కనుక్కో."

పోయింది. ఆసుపత్రిలో ఆయన గది గుమ్మం దాకా నేనూ వెళ్ళాను. రెండు నెలలు మంచం మీదే ఉండి ఆయన కాళ్ళు బిగుసుకుపోయాయి. ఇల్లు మేనల్లుడు అద్దెకిచ్చేశాడు. ఒడీల్ కొత్త రేటు సంగతి చెబుతుంటే ఆయన చివరిదాకా విన్నాడు.

"బాగుంది. ఆ కిటికీ మూసి పో," అన్నాడు.

ఆమె కిటికీ మూసి వచ్చింది. వ్యానులో కూర్చుని శాఖనీ, విట్‌కోంబ్‌నీ, ఆ మేనల్లుణ్ణీ వరసపెట్టి తిట్టింది. అదయ్యాక, సోమవారం నుంచి దూరపు ఇళ్ళు ఎవరెవరికి పంచాలో అడిగింది. చెప్పాను. ఒక్కో పేరూ ఆమె రాసుకుంది.