లబ్‌కీ డబ్‌కీ మధ్య

గుండె చప్పుడు వినకముందే 'విన్నాము' అని పిల్లల చేత రాయించిన పెద్దలారా, ఈ కథ మీ మీదే. అటూ ఇటూ చూసి లాభం లేదు.

పదో తరగతిలో ఒక పిల్ల ఉంది. ఎందుకు, ఎలా అని ప్రాణాలు తోడేస్తుందని 'నస' అని పేరు పెట్టారు. కిరణజన్య సంయోగక్రియ పాఠానికి పట్టిన గతి ఆ పిల్లకి బాగా గుర్తు. ఆకులో సగానికి నల్లకాగితం చుట్టి, సగం వెలుతురుకి వదిలి, ఏ సగంలో పిండిపదార్థం తయారైందో అయోడిన్ చుక్కతో తేల్చాలి. దానికి ముందు కుండీని చీకట్లో ఉంచాలి. అల్మరాలో పెట్టారు. పెట్టి మరిచిపోయారు. తలుపు తీసేసరికి మొక్క ఎండి పుల్లయింది. అయినా అందరి రికార్డుల్లోనూ 'వెలుతురు తగిలిన భాగం నీలంగా మారినది' అనే ఉంది. పోయినేడాది వాళ్ల రికార్డు చూసి దించారు మరి. బయాలజీ మేడం అన్నిటికీ టిక్కులు కొట్టింది.

ఇవాళ గుండె వంతు. స్కూలు మొత్తానికి ఒకటే స్టెతస్కోపు. 'లబ్-డబ్ అని వినిపించినది' అని ముందే రాసేసుకున్న పిల్లలు, దాన్ని చెవుల్లో పెట్టుకున్నట్టే పెట్టుకుని పక్కవాళ్లకి ఇచ్చేస్తున్నారు. నస ఒక్కతే నిజంగా వింది. బెంచీలో తన పక్కనే కూర్చునే స్నేహితురాలి గుండె. పరుగులో ఆ పిల్లని అందుకునేవాళ్లు లేరు, అందుకే అందరికీ రాకెట్.

లబ్‌కీ డబ్‌కీ మధ్య ఇంకేదో ఉంది. ఆగిన బస్సు గాలి వదిలినట్టు, ఉస్సుమని.

"మేడం, దీని గుండెలో ఇంకో చప్పుడు వస్తోంది."

"పుస్తకంలో ఎన్నున్నాయి?"

"రెండు."

"మరి మూడోది నీకెక్కడ దొరికిందే తల్లీ? రెండే రాయి. మార్కులు వాటికే."

వరండాలోకి రాగానే రాకెట్ నస చెయ్యి పట్టుకుని గోడ పక్కకి లాగింది.

"నోరెత్తావో చూడు. సాయంత్రం పరుగుపందెం గెలిస్తే క్రీడల హాస్టల్లో సీటు. అమ్మ పెట్టె కూడా సర్దేసింది."

"మొన్న పరిగెత్తి కళ్లు తిరిగి పడిపోయావు కదే."

"ఎండకి."

"మొన్న ఎండెక్కడుందే? మబ్బేసి ఉంది."

రాకెట్ చెయ్యి వదిలేసి క్లాసులోకి వెళ్లిపోయింది. నస వెనక్కి తిరిగి ల్యాబ్‌లోకి వెళ్లింది. బల్ల మీది స్టెతస్కోపు అన్నం సంచిలోకి చేరింది.

సాయంత్రం మైదానంలో సున్నం గీతల మీద పిల్లలు వంగి నిలబడ్డారు. పక్కన కుర్చీల్లో బయాలజీ మేడం, మిగతా టీచర్లు కూర్చున్నారు. డ్రిల్లు మాస్టారు ఈల నోట్లో పెట్టుకున్నాడు. నస వెళ్లి రాకెట్ ముందు అడ్డంగా కూర్చుంది.

"లేవవే. అవతల అందరూ చూస్తున్నారు."

"లేవను సార్. దీని గుండె బాగాలేదు."

"ఇవాళ మీ మేడం అందరివీ విందిగా?"

"మేడం వినలేదు సార్. రాయించింది."

రాకెట్ వంగి నస భుజం పట్టి గుంజింది. "కుళ్లు నీకు. ఈ జన్మలో నీతో మాట్లాడను."

"మాట్లాడకు. బతికుండి మాట్లాడకు."

మాస్టారు చెయ్యి పట్టి లేపబోయాడు. నస సంచిలోంచి స్టెతస్కోపు తీసింది. కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

"ఆకు సగం కప్పి సగం ఎందుకు వదుల్తారు సార్? పక్కపక్కన పెట్టి చూడ్డానికి. ముందు నాది వినండి, తర్వాత దానిది. రెండూ ఒకటే అయితే నేనే లేచి పోతాను."

పీడ విరగడైతే చాలనుకుని ఆయన గొట్టాలు చెవుల్లో పెట్టుకున్నాడు. నస బిళ్లని తన గుండెకి ఆనించుకుంది. ఆయన తలూపాడు. తర్వాత రాకెట్ గుండెకి ఆనించింది. రాకెట్ ముఖం తిప్పుకుంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. మళ్లీ నసది విన్నాడు. మళ్లీ రాకెట్‌ది. ఈల ఆయన నోట్లోంచి జారి దారానికి వేలాడింది.

"రాకెట్టూ," అన్నాడు మెల్లగా. "గీత దాటి ఇవతలకి రామ్మా. నడిచి రా. పరిగెత్తకు."

నస లేచింది. నేరుగా కుర్చీల దగ్గరికి వెళ్లి స్టెతస్కోపు బయాలజీ మేడం ఒళ్లో పెట్టింది.

"మీరూ వినండి మేడం. ముందు బండి పిలవండి, దీన్ని గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. హాస్టలు వాళ్లకి ఫోన్ చేసి దీని సీటు అట్టే పెట్టమనండి. ఇక ఆ గీతల మీద ఇంకా నిలబడ్డ వాళ్లు, ఒక్కొక్కరిదీ వినండి. అందరివీ విన్నాకే ఈల ఊదండి."