బాప్తిస్మం గౌను

ఏడో నెల నుంచి మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పడంతో, కోడలు తెల్ల ఊలు తెప్పించుకుని గౌను అల్లడం మొదలుపెట్టింది. పాదాలు దాటి జారే పొడుగు గౌను. అంచు చుట్టూ ఆకుల వరస, మెడ దగ్గర మూడు ముత్యాల గుండీలు. పుట్టే బిడ్డకి బాప్తిస్మం రోజున అదే వెయ్యాలని ఆమె ఆశ. ఒక్క ఆకు వంకర వచ్చినా పది వరసలు విప్పేసి మళ్లీ అల్లేది.

ఆ అల్లికంటేనే అత్తగారికి గిట్టేది కాదు. మొగుడు పోయాక ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టి కొడుకుని పెంచిన మనిషి ఆవిడ. వీధిలో అందరూ మిషనమ్మ అనే పిలుస్తారు. కత్తెర పట్టుకుంటేనే పని, మంచం మీద కూర్చుని సూదులు ఆడించడం సోకు అని ఆవిడ లెక్క.

"మా అల్లికలమ్మ లేచిందా?" అని కోడలికి వినపడేలా కొడుకుని అడిగేది.

కోడలు కుర్చీల మీద అల్లిన గుడ్డలు పరిస్తే, సాయంత్రానికల్లా అవి మంచం కిందకి చేరేవి. పాప పుట్టాక పోరు ఇంకా ముదిరింది. ఊలు పోగులు పాప నోట్లోకి పోతాయని ఆవిడ, మిషను చప్పుడికి పాప ఉలిక్కిపడుతోందని ఈమె.

భర్త ప్రెస్సులో పనిచేస్తాడు. వాళ్లిద్దరి మధ్యా నోరు మెదపడు. బాప్తిస్మం కార్డులు తనే అచ్చు వేయించి తెచ్చాడు. వాటి మీద పాప పేరు చూసి కోడలు నిర్ఘాంతపోయింది. అది మిషనమ్మ అసలు పేరు.

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా మీకు?"

"అమ్మ ఆశపడింది. పేరుదేముందిలే!"

"ఏం లేకపోతే మా అమ్మ పేరు వేయించాల్సింది."

అతను కార్డుల కట్ట అల్మారాలో పెట్టి, చెప్పులేసుకుని బయటికెళ్లిపోయాడు. సరే, పేరు వాళ్లది, గౌను నాది అని ఆమె సరిపెట్టుకుంది.

బాప్తిస్మానికి ముందురోజు, శనివారం పొద్దున, కోడలు పాపకి టీకా వేయించడానికి ఆసుపత్రికెళ్లింది. తిరిగొచ్చేసరికి పెరట్లో దండెం మీద తెల్లగా ఏదో వేలాడుతోంది. దగ్గరికెళితే గానీ పోల్చుకోలేకపోయింది. తన గౌనే. కుంచించుకుపోయి జానెడైంది. ఊలంతా ముద్దగట్టి అట్టలా బిగుసుకుపోయింది. ఆకులేవో, అంచేదో తెలియడం లేదు.

"పెట్టెవాసన వస్తోందని వేడినీళ్లలో నానేసి బాగా పిండాను," అంది మిషనమ్మ గుమ్మంలోంచి. "ఇలా అవుతుందని నాకేం తెలుసు?"

"నలభై ఏళ్లు బట్టలతోనే బతికారు. మీకు తెలీదా అత్తయ్యా?"

"నేను కుట్టేదాన్ని. అల్లేదాన్ని కాదు."

ఆ మాట అని ఆవిడ లోపలికెళ్లి శాటిన్ గౌను పట్టుకొచ్చింది. అప్పటికే కుట్టి, ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి ఉంది. "దీనికేం లోటు? ఇది వెయ్యి."

కోడలు ఏడవలేదు. ఆ గౌను అందుకోనూ లేదు. పాపని తీసుకుని గదిలోకెళ్లి గడియ పెట్టుకుంది.

ఆదివారం పాపకి ఇంట్లో వేసే పాత నూలు జుబ్బాయే తొడిగింది. భుజం మీద పాల మరక కూడా అలాగే ఉంది. చర్చికి బయల్దేరేముందు మిషనమ్మ చూసి, "నలుగురిలో నా పరువు తీయడానికేగా?" అని పళ్లు నూరింది. కోడలు పాపని ఎత్తుకుని గుమ్మం దిగింది.

కోడలి తల్లి హాస్టల్లో వంటమనిషి. బస్సు దిగి తిన్నగా చర్చికొచ్చి ఆఖరి బెంచీలో కూర్చుంది. మొదటి బెంచీలో మిషనమ్మ. పాస్టరుగారు పాపని చేతుల్లోకి తీసుకుని, "ఈ బిడ్డకి ఏమని పేరు పెడుతున్నారు?" అని అడిగారు.

భర్త నోరు తెరిచేలోగా కోడలు తన తల్లి పేరు చెప్పింది. మెల్లగా కాదు, ఆఖరి బెంచీ దాకా వినపడేలా చెప్పింది.

పాస్టరుగారు పుస్తకంలో పెట్టుకున్న కార్డు వైపు చూశారు. "ఇందులో వేరే ఉందేంటమ్మా?"

"అది అచ్చుతప్పండీ."

ఆయన పాప తండ్రి వైపు చూశారు. అతను చెప్పాలనుకుంటే చెప్పొచ్చు. ఎప్పటిలాగే నోరు మెదపలేదు. పాప నుదుటి మీద మూడుసార్లు నీళ్లు పడ్డాయి. ఆ పేరే ఖాయమైపోయింది. మిషనమ్మ లేచి, పాటల పుస్తకం బెంచీ మీద విసిరేసి, ఎవరి వైపూ చూడకుండా నడిచి వెళ్లిపోయింది.

కోడలికి ఒళ్లంతా తేలికైపోయింది. అయితే ఆ సంతోషం చర్చి ఆవరణ దాటలేదు. గేటు దగ్గర తల్లి ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"ఎవత్తె చెప్పమంది నిన్ను?"

"నీ పేరే కదమ్మా పెట్టాను..."

"నా మీద ప్రేమతో పెట్టావా? ఆవిడ మీద కోపంతో పెట్టావు. మీరిద్దరూ కొట్టుకోడానికి నా పేరే దొరికిందా?" ఆవిడ చేతిసంచీ భుజాన వేసుకుంది. "రేపట్నుంచి ఆవిడ తిట్టే ప్రతి తిట్టూ నాకూ తగుల్తుంది. ఆ మాత్రం తట్టలేదా నీకు?"

కేకు ముక్కైనా ముట్టకుండా వచ్చిన దారినే బస్సెక్కేసింది. ఆ సాయంత్రం, ఎందుకలా చేశావని భర్త అడుగుతాడేమోనని కోడలు కాచుకుని కూర్చుంది. అతను అదీ అడగలేదు.

ఆ తర్వాత ఇంట్లో రెండు పొయ్యిలు వెలిశాయి. అత్తాకోడళ్లకి మాటల్లేవు. ఏం కావాలన్నా భర్త చేతే చెప్పిస్తారు. పాపకి ఏడు నెలలొచ్చాయి, పాకుతోంది. ముందుగదిలోంచి మిషనమ్మ తన పేరు పెట్టి పిలుస్తుంది. వెనకగదిలోంచి కోడలు తన తల్లి పేరు పెట్టి పిలుస్తుంది. పాప ఎవరు పిలిచినా తల తిప్పి నవ్వుతోంది. నవ్విన ప్రతిసారీ ఆ ఇద్దరిలో ఎవరో ఒకరికి ఒళ్లు మండుతోంది.