నాలుగు మెట్ల వీధి

ఆ వీధిలో ఏ ఇంట్లోకి వెళ్ళాలన్నా నాలుగు మెట్లు ఎక్కాలి. వీధి వేసిన కొత్తలో పక్కనే మురుగుకాలువ ఉండేది. గట్టి వాన పడితే అది పొంగి ఇళ్ళలోకి వచ్చేది. అందుకని అప్పటివాళ్ళు గుమ్మాలు ఎత్తు చేసి కట్టుకున్నారు. తరవాత ఎప్పుడో కాలువను మూసేశారు, దాని మీద రోడ్డు వేశారు, నీళ్ళు రావడం మానేశాయి. మెట్లు మాత్రం ఉండిపోయాయి. మురుగుకు భయపడి కట్టిన మెట్లు రెండు తరాలు గడిచేసరికి అందం అయ్యాయి, ఆ తరవాత మర్యాద కూడా అయ్యాయి. మనుషులకు చేతకానిదంటూ ఏముంది?

పాత వీధుల్లో కట్టే కొత్త ఇళ్ళు ఎలా ఉండాలో నగరపాలకులు నిబంధనలు పెట్టినప్పుడు, ఏ వీధి తీరు ఆ వీధివాళ్ళే రాసి ఇమ్మన్నారు. ఈ వీధి తీరు రాసింది పంతులమ్మ. భూగోళం చెప్పి రిటైరైన మనిషి, వీధి సంఘానికి అధ్యక్షురాలు. బడి వదిలి వచ్చేటప్పుడు అక్కడి చేతిగంట ఒకటి గుర్తుగా తెచ్చుకుంది. సంఘం కూర్చున్న ప్రతిసారీ ఆ గంట కొట్టి మరీ మొదలుపెట్టేది. కొత్త ఇంటి గుమ్మం పక్కిళ్ళ గుమ్మాల ఎత్తులోనే ఉండాలి, మెట్లు వీధివైపే ఉండాలి, ముందు జాగాలో మొక్కలు తప్ప ఇంకేమీ ఉండకూడదు, పక్క సందు ఖాళీగా వదలాలి అని ఆవిడ గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది. ఆవిడకు దురుద్దేశం ఏమీ లేదని అందరూ అంటారు. నేనూ ఒప్పుకుంటాను. దురుద్దేశం ఉన్నవాళ్ళతోనే కొంత నయం, వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అలిసిపోతారు.

పంతులమ్మ ఇంటికి సరిగ్గా ఎదురుగా పాత ఇల్లొకటి కూలిపోయి, ఆ జాగా అమ్మకానికి వచ్చింది. కొన్నది ఒక నర్సు, ఆమె భర్త. అతను సిటీ బస్సు డ్రైవరు. అప్పటికి వాళ్ళు లిఫ్టు లేని అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉండేవాళ్ళు. వాళ్ళతోపాటు నర్సు అక్క కూడా ఉండేది. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆ అక్కే. రొట్టెల బట్టీలో నిలబడి నిలబడి పనిచేసి చదివించింది. చెల్లెలికి ఉద్యోగం రాగానే అక్క కాళ్ళు పడిపోయాయి. ఇక నా అవసరం ఏముందిలే అని అవి అనుకున్నట్టున్నాయి. అప్పటినుంచి ఆసుపత్రికి తప్ప ఆమె కిందికి దిగింది లేదు. వీధిని కిటికీలోంచి చూసేది, అదీ పైనుంచి, మనుషుల నడినెత్తులు మాత్రమే కనిపించేలా.

ఆ ఇల్లు కట్టాలనుకున్నదే అక్క కోసం. రోడ్డు నుంచి గుమ్మం దాకా ఒక వాలుదారి, వెడల్పాటి తలుపు, ముందువైపే ఆమె గది. ఎవరినీ పిలవకుండా, ఎవరి చేతులూ చూడకుండా, తన చక్రాల కుర్చీ తనే తోసుకుంటూ బయటికి వెళ్ళి రాగలగాలి. అంతే. పెద్ద కోరికేమీ కాదు, మనం రోజూ తెలియకుండానే తీర్చుకునే కోరికే.

ఆ నగరంలో ఒక పద్ధతి ఉంది. ఇల్లు కట్టేముందు జాగాలో కర్రలు పాతి, వాటికి తాళ్ళు కట్టి, రాబోయే ఇల్లు ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, గుమ్మం ఎక్కడ అనేది గాలిలో గీసినట్టు చూపించాలి. వీధిలోవాళ్ళు వచ్చిపోతూ చూసి, అభ్యంతరాలుంటే సంఘానికి చెప్పుకోవచ్చు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇక్కడ ఇల్లు కట్టకముందే అందరూ చూస్తారు.

తాళ్ళు కట్టిన రోజునే వాలుదారి గురించి గుసగుసలు మొదలయ్యాయి. ముందు జాగాలో ఆ గట్టేమిటి, గోదాములకు కదా అలాంటివి ఉండేది అన్నారు. ఆ మాట చెవిన పడి నర్సు ఒక ఆలోచన చేసింది. అక్కను తీసుకొచ్చి చూపిస్తే మనుషులు కరగకపోతారా అనుకుంది. ఆసుపత్రిలో అన్నేళ్ళు పనిచేసి కూడా మనుషుల గురించి అలా అనుకోగలిగింది.

మూడంతస్తులు దించడం మాటలు కాదు. డ్రైవరు వీపు మీద మోశాడు, నర్సు వెనక పట్టుకుంది. రెండుచోట్ల ఆగారు. అతనికి నడుం పట్టేసింది, అక్క పెదవి కొరుక్కుంది. కానీ జాగాలోకి వచ్చి, తాళ్ళతో గీసిన తన గదిలో కుర్చీ ఆపగానే ఆమె ముఖం విప్పారింది. మంచం ఈ మూలకు వేద్దాం, అద్దం ఆ గోడకు అంది. ఆ గోడ అంటే ఒక తాడు. తలుపు ఉండే చోట చెయ్యి చాపి, లేని గొళ్ళెం తీసి చూసుకుంది.

పంతులమ్మ రోడ్డు దాటి వచ్చింది. చేతిలో టీ కప్పు, చంకలో ఒక దిండు. కుర్చీ గట్టిగా ఉందేమో అని తనే దిండు సర్ది, పక్కన నిలబడి చాలాసేపు కబుర్లు చెప్పింది. పైనుంచి ఎలా వచ్చారమ్మా, చాలా కష్టమైందా అని ఎంతో ఆప్యాయంగా అడిగింది. అక్క జన్మలో ఒకరి మీద ఫిర్యాదు చేసి ఎరగదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని నమ్మిన మనిషి. చెల్లెలూ మరిదీ ఎదురుగా నిలబడి ఉండగా కష్టమైందని ఎలా చెబుతుంది?

"కష్టమేముందండీ, మా చెల్లీ మరిదీ నన్ను పూవులా దించుతారు," అంది.

ఆ వారమే సంఘం కూర్చుంది. వినడానికి ఎంతమంది వచ్చినా, సంఘంలో ఓటు ఉన్నవాళ్ళు ఇద్దరే. ఒకరు పంతులమ్మ, ఇంకొకరు అవునండీగారు. అసలు పేరు ఏదైతేనేం, చివరగా ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు తిరిగి అవునండీ అంటాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. పంతులమ్మ గంట కొట్టి, నర్సును దగ్గర కూర్చోబెట్టుకుంది.

"మీ అక్కతో నేనే స్వయంగా మాట్లాడానమ్మా. ఎంత సంస్కారం! ఏం కష్టం లేదు, పూవులా దించుతారు అని తనే చెప్పింది. మూడంతస్తులు దించేవాళ్ళకి నాలుగు మెట్లొక లెక్కా చెప్పు?"

మా అక్క అబద్ధం చెప్పిందని నర్సు అంతమంది ముందు ఎలా అంటుంది? అది అక్క మంచితనం అండీ అని మాత్రం అనగలిగింది. మంచితనం కాదని ఎవరన్నారు అంది పంతులమ్మ. "అవునండీ," అన్నాడు అవునండీగారు. వాలుదారి తాళ్ళు మర్నాడే ఊడదీయించారు.

నర్సు ఊరుకోలేదు, నగరపాలకులకు అర్జీ పెట్టింది. అక్కడి ఇంజనీరు మంచివాడిలాగే ఉన్నాడు. జాగా దగ్గరికి వస్తాను, ఆమెను తీసుకురండి, కళ్ళారా చూసి రాస్తాను అన్నాడు. కాబట్టి అక్కను మళ్ళీ దించాల్సి వచ్చింది. ఆ రోజు పొద్దున్నుంచి వాన. మెట్ల మీద ఎవరో తడి గొడుగు ఆరబెట్టారు. రెండో అంతస్తు మలుపులో డ్రైవరు కాలు జారింది. అతని మోకాలు పచ్చడైంది. అక్క తుంటి ఎముక విరిగింది.

ఇంజనీరు గొడుగు పట్టుకుని తాళ్ళ ఇంట్లో కాసేపు నిలబడి, అర్జీదారులు హాజరు కాలేదని రాసుకుని వెళ్ళిపోయాడు. పాపం, అతను రాసింది నిజమే. అక్క ఆసుపత్రి మంచం మీదినుంచి లేవలేదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, నర్సు డ్యూటీ చేసే వార్డులోనే, నర్సు చేతుల్లోనే పోయింది. పోయే ముందురోజు కూడా మరిదికి మోకాలు ఎలా ఉందని అడిగింది.

ఇల్లు మాత్రం లేచింది. మొదలుపెట్టిన దాన్ని ఆపడానికి కూడా ఓపిక ఉండాలి. అది లేక కట్టేశారు. నాలుగు మెట్లు, వీధివైపు, పక్కిళ్ళ ఎత్తులో, నిబంధనకు వెంట్రుకవాసి తేడా లేకుండా. ముందుగదిలో ఏమీ పెట్టలేదు. వాళ్ళు చేరిన రోజు పంతులమ్మ పూలకుండీతో వచ్చింది. మెట్ల కింద నిలబడి ఇల్లంతా కలయజూసి, ఎంత బాగా ఒదిగిందమ్మా, ఎప్పటినుంచో ఇక్కడే ఉన్నట్టుంది అని మెచ్చుకుంది. నర్సు కుండీ అందుకుని థాంక్సండీ అంది. ఆ క్షణంలో ఆమె ఆ కుండీని ఆవిడ నెత్తిన దించి ఉంటే నేనైతే తప్పు పట్టేవాణ్ణి కాదు. ఆమె దాన్ని పై మెట్టు మీద పెట్టి రోజూ నీళ్ళు పోసింది.

కొన్నాళ్ళకు పంతులమ్మే ఆమెను సంఘంలోకి పిలిచి, ఓటు కూడా ఇచ్చింది. ఎంత మంచి పిల్లో, మనసులో ఏమీ పెట్టుకోలేదు అని పదిమందికీ చెప్పుకుంది. నర్సు ప్రతి సమావేశానికీ వెళ్ళేది. ఎక్కువ మాట్లాడేది కాదు. పంతులమ్మ రాసిన నిబంధనలు మాత్రం ఆవిడకన్నా బాగా కంఠతా పట్టింది. ఎవరైనా తడుముకుంటే మెల్లగా అందించేది.

ఆ మరుసటి ఏడు పంతులమ్మ స్నానాలగదిలో పడింది. ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీలో తిరిగి వచ్చింది. ఇంట్లో ఒక్కతే. పనిమనిషి పొద్దున వచ్చి వండిపెట్టి వెళ్ళిపోతుంది. గుమ్మం దాకా కుర్చీ తోసుకుని రావడం, అక్కడినుంచి వీధిని చూస్తూ కూర్చోవడం, అంతే ఆవిడ ప్రపంచం. భూగోళమంతా పిల్లలకు చెప్పిన మనిషి. వీధి చివర పార్కులో పాత స్నేహితులు సాయంత్రాలు కూర్చుంటారు. గుమ్మంలోంచి చూస్తే వాళ్ళు కనిపిస్తారు కూడా. ఆవిడ అన్న కొడుకు ఒకసారి వచ్చి చూసి, మెట్ల పక్కన కర్రలు పాతి తాళ్ళు కట్టి వెళ్ళాడు. వాలుదారి కోసం.

సంఘం పంతులమ్మ ఇంట్లోనే కూర్చుంది, ఆవిడ దిగలేదు కనక. తన సంగతి కాబట్టి తను ఓటు వేయకూడదు. ఇక మిగిలింది నర్సు, అవునండీగారు. పంతులమ్మ ఒళ్ళో గంట పెట్టుకుంది కానీ కొట్టలేదు. నర్సు వెళ్ళి ఆవిడ వెనక దిండు సర్దింది. అప్పుడు అక్క కుర్చీలో సర్దిన ఆ పాత దిండే అది.

"టీచరుగారూ, ఈ గుమ్మం ఈ వీధికే అందం అండీ," అంది నర్సు. "దాని పక్కన గట్టు కడితే మీకే చూడబుద్ధి కాదు. అయినా నాలుగు మెట్లేగా. ఎదురింట్లో నేనున్నాను, రోగుల్ని ఎత్తడమే నా పని. ఆ గంట కొట్టండి చాలు, వచ్చి పూవులా దించుతాను."

పూవు అన్న మాట దగ్గర పంతులమ్మ తలెత్తి చూసింది. అవునండీగారు ఎప్పటిలాగే తన పేరు నిలబెట్టుకున్నాడు. నగరానికి అర్జీ పెట్టుకునే దారి ఉంది. కానీ తన చేత్తో రాసిన దాని మీద తనే అర్జీ పెడితే వీధి నవ్వుతుందని పంతులమ్మ ఆగిపోయింది. తాళ్ళు వానకు నాని, వాటంతటవే తెగి పడ్డాయి.

నర్సు మాట తప్పలేదు, మొదట్లో. గంట మోగితే భర్తను తీసుకుని వెళ్ళేది. ఇద్దరూ కలిసి కుర్చీ దించేవాళ్ళు. వీధివాళ్ళు చూసి, మనిషంటే ఆమె, కడుపులో కల్మషం లేదు అని తెగ పొగిడారు. అలా పొగడ్త బాగా స్థిరపడ్డాక రాకపోకలు పలచబడ్డాయి. డ్యూటీ ఉందనేది, వంటలో ఉన్నాననేది. తరవాత ఏమీ అనడం మానేసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నర్సు తన గుమ్మంలో పై మెట్టు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఎదురుగా రోడ్డుకు అవతల, తన పై మెట్టు అంచున, కుర్చీలో పంతులమ్మ. తల దువ్వుకుంది, మంచి బట్టలు కట్టుకుంది. పార్కులో ఆవిడ స్నేహితురాలెవరికో వీడ్కోలు చెప్పే సాయంత్రం అది. ఆ మనిషి ఊరు వదిలి కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ సంగతి వీధంతటికీ తెలుసు. గంట మోగింది.

డ్రైవరు లోపలినుంచి కుంటుకుంటూ వచ్చాడు. మోకాలు చెడ్డాక అతన్ని బస్సు మీంచి దించి డిపోలో కూర్చోబెట్టారు.

"పిలుస్తున్నారు," అన్నాడు.

"వింటున్నాను."

అతను మెట్లు దిగి, గేటు దాకా వెళ్ళి ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. గంట మళ్ళీ మోగింది. ఇంతకుముందులా గట్టిగా కాదు, మర్యాదగా, ఒక్కసారి.

"నా ఒక్కడివల్ల కాదు, నీకు తెలుసుగా. నువ్వూ ఓ చెయ్యి వెయ్యాలి."

నర్సు ఒక కాయ విరిచి, గింజలు గిన్నెలోకి రాల్చింది.

అతనికి కోపం వచ్చింది. ఆమె మీద అతనికి కోపం రావడం తక్కువ. వస్తే మాట వెతుక్కోడు.

"మీ అక్క అయితే ఈపాటికి వెళ్ళేది," అనేశాడు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. నర్సు చేతులు ఆగాయి. వెనకనున్న ఖాళీ గది వైపు ఒకసారి తిరిగి చూసింది. తరవాత కాళ్ళ కిందికి చూసింది.

"అక్క ఎలా వెళ్తుందండీ," అంది నెమ్మదిగా. "మెట్లున్నాయిగా."

ఎదురుగా గంట ఇంకోసారి మోగింది. నర్సు తలెత్తి, పొరుగువాళ్ళను పలకరించినట్టు పంతులమ్మకు ఒక నవ్వు నవ్వి, బఠాణీలు ఒలుచుకుంటూ కూర్చుంది.