ఏడో నంబరు రాయి

ఏడో తరగతి గదిలో ఒక చెక్కపెట్టె ఉంది. అందులో తొమ్మిది గుంటలు, తొమ్మిది గుంటల్లో తొమ్మిది రాళ్లు. మూతకు లోపలివైపు అచ్చువేసిన పట్టికలో ఏ అంకె ఏ రాయో ఉంటుంది. రాళ్ల మీద అంకెల చీటీలు మాత్రం సైన్స్ సార్ అతికించినవి. ఇరవై రెండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన ఏడాది, తన గుండ్రటి చేతిరాతతో రాసి బంకపెట్టి మరీ అతికించారు. ఆ సంగతి ప్రతి కొత్త తరగతికీ ఒకసారి చెప్పుకుంటారు కూడా.

శిలాచక్రం పాఠం వచ్చిందంటే ఆ బడిలో పిల్లలకు పని ఒక్కటే, పట్టిక బట్టీ పట్టడం. "ఒకటి గ్రానైట్, రెండు బసాల్ట్, మూడు ప్యూమిస్" అంటూ మొదలై "ఏడు పాలరాయి, ఎనిమిది క్వార్ట్‌జైట్, తొమ్మిది పలకరాయి" అని ముగిసేదాకా గది గదంతా ఊగుతూ పాడుతుంది. రాయి వంక చూసిన పిల్ల ఉండదు. చూడాల్సిన అవసరం ఎవరికుంది? పరీక్షలో అంకె కనబడుతుంది, పేరు నోట్లోంచి దానంతటదే ఊడిపడుతుంది. రాళ్ల గురించి రాయి ముట్టుకోకుండా నేర్పడం సామాన్యమైన విద్య కాదు మరి.

ముట్టుకుని చూసింది ఒక్కతే. దాన్ని అందరూ గులక అంటారు. వాళ్లమ్మ రాళ్ల షెడ్డులో పాలిష్ పని చేస్తుంది. నడక రాని వయసులో గులకరాళ్ల కుప్ప మీద కూర్చోబెడితే ఏడవకుండా ఆడుకునేదని షెడ్డు వాళ్లు పెట్టిన పేరది, అదే నిలిచిపోయింది.

పరీక్షనాడు మడతపెట్టిన కాగితాల్లోంచి ఒకటి తియ్యాలి. ఏ అంకె వస్తే ఆ రాయి తెచ్చుకుని పేరు, రకం, ఎలా పుట్టిందో రాయాలి. ఇరవై మార్కులు. గులకకు ఏడు వచ్చింది. రాయి తెల్లగా ఉంది, పాలరాయే అనుకుంటూ చేతిలోకి తీసుకుంది. వేలు అడ్డం తిరిగింది. పాలరాయి వేలికి మెత్తగా తగులుతుంది, ఇది పంచదార బిళ్లలా గరుగ్గా ఉంది. కంపాస్ మొనతో గీసింది. రాయి మీద గీత పడలేదు సరికదా, మొనే అరిగి బూడిదరంగు చార మిగిలింది. పాలరాయి ఐతే ఇనుప మొనకు ఎప్పుడో లొంగేది. గులక నిబ్బరంగా రాసింది: క్వార్ట్‌జైట్. రూపాంతర శిల. ఇసుకరాయి భూమి లోపల వేడికీ ఒత్తిడికీ గురై ఇలా మారుతుంది.

కాగితం తిరిగొచ్చింది. ఇరవైకి సున్నా.

"ఏడు ఏమిటి?" అన్నారు సార్, తరగతి వైపు తిరిగి.

"పాలరాయి!" అన్నారు నలభై మంది.

"ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారట. కూర్చో."

గులక కూర్చుంది కానీ కడుపులో మంట కూర్చోలేదు. మర్నాడు సంచిలో నిమ్మకాయ పట్టుకెళ్లింది. షెడ్డులో పాలరాయి దరిదాపుల్లోకి నిమ్మకాయ రానివ్వరు. రసం పడితే రాయి నురగ కక్కి మెరుగు పోతుంది. విరామంలో పెట్టె తెరిచి, పదిమంది చూస్తుండగా ఏడు మీద పిండింది. రసం నీళ్లలా జారిపోయింది. ఎనిమిది మీద కాస్త గీకి పిండింది. సన్నటి బుడగలు చిటచిటమంటూ లేచాయి.

"ఇదీ పాలరాయి. ఎనిమిది!" అని అరిచింది. వెనక్కి తిరిగేసరికి సార్ గుమ్మంలో ఉన్నారు.

ఆ క్షణంలో ఆయన "అరె, అవునే" అని ఉంటే ఈ కథే లేదు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషికి నాలుగో కాలు చూపిస్తే ఏం చేస్తాడు? కుందేలునే మార్చేశారంటాడు. సార్ అదే అన్నారు.

"ఇరవై రెండేళ్లుగా సరిగ్గా ఉన్న రాళ్లు ఇవాళ తప్పెలా అవుతాయి? మీ అమ్మ పనిచేసేది రాళ్ల షెడ్డులోనే కదూ?" అని పెట్టెలోకి తొంగి చూశారు. "అసలు రాళ్లు ఎక్కడ పెట్టావు?"

గులకకు ముందు అర్థం కాలేదు. వెనక బెంచీలోంచి ఎవరో "దొంగ" అన్నాక అర్థమైంది. తియ్యలేదని అరిచింది, ఒట్టు పెట్టింది, ఎంత అరిస్తే అంత దొంగలా కనబడుతున్నానని తెలిసి ఇంకా గట్టిగా అరిచింది. హెడ్ మేడం గది నుంచి టైపు చేసిన సంజాయిషీ కాగితం వచ్చింది. రేపు అమ్మ వచ్చి దాని మీద సంతకం పెట్టాలి. పెడితే బడిలో ఉండవచ్చు. లేదంటే టీసీ చేతిలో పెట్టి పంపిస్తారు.

సాయంత్రం అమ్మ వచ్చింది. కనుబొమ్మల మీద రాతిపొడి, రబ్బరు బూట్లలో బురదనీళ్లు. షెడ్డులో అమ్మంటే హడల్. పలకలెత్తే క్రేను మనిషి కూడా ఆమె కేకకు ఉలిక్కిపడతాడు. గులక జరిగింది చెబుతుంటే అమ్మ ముఖంలో ఆ కేక వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"ఎందుకే నీకీ గొడవ? ఆయన పాలరాయంటే పాలరాయే."

"కాదమ్మా! నువ్వు ముట్టుకుంటే నీకే తెలుస్తుంది."

"నాకేం తెలుసు? షెడ్డులో నల్లగా నిగనిగలాడే ప్రతిదాన్నీ గ్రానైట్ అంటాం. మీ పుస్తకంలో అది గ్రానైటే కాదని నువ్వే చదివి చెప్పావు. మా పేర్లు మావి, బడి పేర్లు బడివి. మేం బేరానికి పెట్టుకున్న పేర్లు, వాళ్లవి చదువుకుని పెట్టిన పేర్లు. ఏది రైటంటావు?"

"మరి నిమ్మరసం? అదీ చదువుకుని పొంగుతుందా?"

అమ్మ బూటు విప్పి బురదనీళ్లు ఒంపింది. "నేనూ ఆ బడిలోనే ఏడు దాకా చదివాను. ఆ రాళ్ల పరీక్షలో నాకూ సున్నే వచ్చింది. ఆ ఏడాదంతా రాతిబుర్ర అనే పిలిచారు. మీ అమ్మమ్మ చూసి చూసి, చదువబ్బలేదని షెడ్డులో చేర్చింది. నా తెలివి ఇంతే. నువ్వు దాన్ని నమ్ముకుని చదువు పాడుచేసుకోకు. రేపొచ్చి సంతకం పెడతాను."

"పెడితే నేను దొంగనని ఒప్పుకున్నట్టే కదా!"

"దొంగవైనా బడిలో ఉంటావు. నాలా కాకుండా ఉంటావు."

గులకకు సార్ మీద కన్నా అమ్మ మీద ఎక్కువ కోపం వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు గానీ, ఈ కోపం సరిగ్గా చేరాల్సిన చోటికే చేరిందని దానికి గట్టి నమ్మకం. అన్నం తినలేదు. అమ్మ కూడా తినమని బతిమాలలేదు.

పొద్దున్నే హెడ్ మేడం గది. బల్ల మీద కాగితం, కాగితం మీద పెన్ను, పక్కన సాక్ష్యంగా చెక్కపెట్టె. గోడకు శిలాచక్రం పటం, ఎర్రబాణాలు గుండ్రంగా తిరుగుతున్నాయి. సార్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. అమ్మ పని బట్టల్లోనే వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు, బట్టల దుమ్ము కుర్చీకి అంటుతుందని. షెడ్డులో క్రేనును ఆపేసే మనిషి ఇక్కడ గొంతే లేనట్టు నిలబడితే గులకకు ఒళ్లు మండిపోయింది.

"చదువుకుని పెట్టమ్మా," అన్నారు మేడం.

అమ్మ పెదవులు కదుపుతూ మెల్లగా చదివింది. "నేను పనిచేసే చోటి నుంచి తెచ్చిన రాళ్లను నా కూతురు పెట్టెలో పెట్టి, అసలు రాళ్లను తీసుకున్నదని..." అక్కడ ఆగింది. "మా షెడ్డు రాళ్లంటున్నారా ఇవి?"

"మరి ఆకాశం నుంచి పడ్డాయా?" అన్నారు సార్.

అమ్మ పెన్ను తీసుకుంది. తీసుకుని మళ్లీ పెట్టేసింది.

"రాయేది సార్?"

"ఏంటి?"

"రాయి చూడకుండా సంతకం ఎలా పెడతాను?"

అది షెడ్డు కట్టుబాటు. పలక బయటికి పంపాలన్నా, లోపలికి దించుకోవాలన్నా స్లిప్పు మీద సంతకం పెట్టేవాళ్లు ముందు రాయిని చేత్తో తడమాలి. నీళ్లు చల్లి, ఆరేదాకా ఆగి చూడాలి. రాయంతా ఆరినా పగులు ఉన్నచోట తడి గీతలా మిగిలిపోతుంది. చూడకుండా సంతకం పెట్టినవాడి నెత్తికే ఆ పగులు చుట్టుకుంటుంది. పందొమ్మిదేళ్లలో అమ్మ ఆ పని చెయ్యకుండా ఒక్క స్లిప్పు మీదా సంతకం పెట్టలేదు. ఇది స్లిప్పు కాదని ఆమెకు తెలుసు, కానీ చెయ్యి ఒప్పుకోలేదు.

ఏడో రాయి అరచేతిలోకి తీసుకుంది. బొటనవేలు దాని మీద తిరిగి తిరిగి ఒకచోట ఆగింది. అమ్మ బల్ల మీది నీళ్లసీసా వంచి రాయి మీద పోసింది.

"ఏయ్! చీటీ పాడైపోతుంది! నా చేత్తో అతికించినవి అవి!" సార్ ముందుకొచ్చారు.

"ఆరేదాకా ఆగండి సార్," అంది అమ్మ.

ఆరేలోపే బంక నాని చీటీ అంచు లేచింది. అమ్మ గోటితో పక్కకి తోసింది. కింద, రాయి మీదే, ఎర్ర పెయింటుతో చిన్న అంకె. ఎనిమిది.

అమ్మ ఎనిమిదో రాయి తీసుకుని దాని మీదా నీళ్లు పోసింది. చీటీ కింద ఎర్రగా ఏడు.

హెడ్ మేడం మూత తిప్పి పట్టిక చూశారు, రాళ్లు చూశారు, ఆఖరికి సార్ ముఖం చూశారు.

"ఆ అంకెలు మరీ చిన్నగా ఉన్నాయని..." సార్ ఊడిన చీటీని మళ్లీ రాయికి అదమబోయారు. "పిల్లలకు కనబడటం లేదని నేనే పెద్ద చీటీలు... రెండు తెల్లరాళ్లు కదా, అతికించేటప్పుడు అటూ ఇటూ అయ్యుంటాయి. చిన్న పొరపాటు."

"అంటే నేను తియ్యలేదు," అంది గులక. ఎవరూ పట్టించుకోలేదు. "నేను తియ్యలేదు!" అని అరిచింది.

"అరవకమ్మా, తియ్యలేదులే," అన్నారు మేడం కాగితం వెనక్కి లాక్కోబోతూ. "ఇరవై మార్కులూ వేసేస్తాం. సరేనా? ఇక్కడితో వదిలేద్దాం."

అమ్మ కాగితం మీద అరచెయ్యి పెట్టింది. రాతి పని చేసిన చెయ్యి, పెట్టిందంటే లాగడం కష్టం.

"మరి నావి?"

"నీవేంటమ్మా?"

"నా ఇరవై. ఇరవై ఏళ్ల కిందట నాకూ ఏడే వచ్చింది సార్. ఈ రాయే. పుస్తకంలో చెప్పినట్టు మేకుతో గీసి చూసి, పాలరాయి కాదు, క్వార్ట్‌జైట్ అన్నాను. గుర్తుందా?"

సార్ ఆమె ముఖంలోకి చూశారు. గుర్తులేదు. గుర్తులేదని ఆ ముఖంలో పెద్ద అక్షరాలతో కనబడుతోంది.

"అబద్ధమాడి గుర్తుందనకండి," అంది అమ్మ. అప్పుడొచ్చింది ఆ గొంతు, షెడ్డులో మిషన్ల మీద నుంచి వినబడే గొంతు. వరండాలో పోతున్న పిల్లలు ఆగిపోయారు. "బెంచీ ఎక్కించి రాతిబుర్ర అన్నారు. సరే, మీరు చదువుకున్నవాళ్లు, నా బుర్రే రాయనుకున్నాను. షెడ్డులో చేరిన మొదటి వారంలోనే నా వేలికి తెలిసిపోయింది పాలరాయేదో, కానిదేదో. పందొమ్మిదేళ్లుగా రోజుకు పది గంటలు తెలుస్తూనే ఉంది. అయినా మిమ్మల్నే నమ్మాను సార్! బడి రాయి వేరు, షెడ్డు రాయి వేరనుకున్నాను. నా చేతిని నేను నమ్మలేదు. నిన్న రాత్రి నా కూతుర్నీ నమ్మలేదు!"

గులక కోపం ఎటు పోయిందో దానికే తెలియలేదు. మొత్తంగా మూటగట్టుకుని సార్ మీదికి పోయి ఉంటుంది.

"ఎప్పుడో జరిగింది," అన్నారు సార్ నేల చూస్తూ. "ఇప్పుడేం చెయ్యగలను చెప్పమ్మా?"

"పరీక్ష పెట్టండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే." అమ్మ తడిరాయి ఎత్తి పట్టుకుంది. అడిగేదాకా ఆగలేదు. "పేరు క్వార్ట్‌జైట్. రకం రూపాంతర శిల. ఇసుకరాయి భూమి లోపల వేడికీ ఒత్తిడికీ గురై ఇలా మారుతుంది." పన్నెండేళ్ల పిల్ల ఒప్పజెప్పినట్టు ఒక్క అక్షరం తడబడకుండా చెప్పింది. మొన్న గులక రాసింది అచ్చంగా అదే. "మార్కులెయ్యండి."

సార్ మేడం వంక చూశారు. మేడం కిటికీ వంక చూశారు. గోడ మీద పటంలో ఏ రాయైనా మరో రాయి కావడానికి బాణాలున్నాయి, మళ్లీ మొదటికి రావడానికీ ఉన్నాయి. అమ్మ దాని వంక ఒకసారి చూసి, "మనుషులకు ఈ బాణాలేవీ వెయ్యలేదు," అంది కోపంగా.

సార్ సంజాయిషీ కాగితం వెనక్కి తిప్పారు. జేబులోంచి ఎర్రపెన్ను తీసి ఇరవైకి ఇరవై అని రాశారు. అదే గుండ్రటి చేతిరాత. కింద సంతకానికి పెన్ను ఆనించబోయారు.

"ఆగండి," అంది అమ్మ. నీళ్లు కారుతున్న రాయిని ఆయన ముందుకు చాపింది. "ముందు రాయి చూడండి సార్. చూసి, అప్పుడు పెట్టండి సంతకం."

ఆయన పెన్ను పక్కన పెట్టి రెండు చేతులతో రాయి అందుకున్నారు. ఎలా పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిప్పుతుంటే గులక దగ్గరికెళ్లి, ఆయన బొటనవేలు ఎక్కడ ఆనించాలో చూపించింది.