ఎత్తని దుంగలు

మా కోతమిల్లులో రంపం తిరుగుతుండగానే కరెంటు తీసేశారు. సగం చీలిన దుంగ రంపం పళ్ల మధ్యే ఇరుక్కుపోయింది. అటవీశాఖ జీపుల్లో దిగినవాళ్లు మోటారు బెల్టు కోసి, మమ్మల్ని బయటికి నెట్టి, గేటుకు తాళం వేసి లక్కముద్ర కొట్టారు. మా అన్నం డబ్బాలు లోపలున్నాయయ్యా అంటే, "కోర్టులో అడుక్కోండి" అన్నాడు రేంజరు.

కొత్త అటవీ విధానమట. అడవికి దగ్గరున్న చిన్న మిల్లులన్నీ మూసెయ్యాలట. సర్కారు డిపోలో కలప ఇక విడిగా అమ్మరట, మొత్తం ఒకే లాటుగా వేలం వేస్తారట. అంత లాటు పాడగలిగేవాడు ఊరు మొత్తానికి కలప కాంట్రాక్టరొక్కడే. వాడి మిల్లు అడవిని ఆనుకునే ఉంది. దానికి మాత్రం మినహాయింపు. మొదటి లాటూ వాడే పాడేసుకున్నాడు. అడవిని కాపాడటమంటే తీసుకెళ్లి వాడి నోట్లో పెట్టడమన్నమాట!

మా వీధిలో రంపాలన్నీ ఆగిపోయాయి. తలుపులు చేసే వడ్రంగులకు చెక్క లేదు. రంపపు పొట్టుతో పొయ్యి వెలిగించుకునే ఇళ్లకు పొట్టు లేదు.

యూనియన్ షెడ్డులో మీటింగు పెట్టాం. పిలిచింది మేస్త్రక్క. దుంగ దొర్లి భర్త చనిపోయాక, ఆయన నడిపిన ముఠాను తనే భుజానేసుకుంది. డిపోలో లారీలకు కలప ఎక్కించే కూలీలంతా ఆమె మాట మీద ఉంటారు. పక్కన ఆమె మరిది, మా మిల్లులో రంపం నడిపేవాడు. అతని కుడిచేతికి మూడే వేళ్లు.

మా మిల్లు షావుకారు కూడా వచ్చాడు. "ఇప్పుడు మనందరిదీ ఒకటే కష్టం. మీరు రోడ్డెక్కండి, వెనక మేముంటాం."

"ఎంత వెనక షావుకారూ? కంటికి ఆనేంత దూరంలోనేనా?" అన్నాడు మరిది. షెడ్డంతా గొల్లున నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు. "నా వేళ్లు తెగినప్పుడు 'నీ అజాగ్రత్త' అన్నావు. ఆ రోజు ఒకటే కష్టం కాలేదే?"

"బయటికి గెంటండి!" అని కేకలు.

"ఉండనివ్వండి" అంది మేస్త్రక్క. "షావుకారూ, మాతో ఉంటానంటే వచ్చి మా పక్కన కింద కూర్చో."

ఆయన నేలవైపు చూసి, నిలబడే విన్నాడు. మర్నాటికల్లా కాంట్రాక్టరు దగ్గర ఏజెంటుగా తేలాడు.

"వేలంలో కాంట్రాక్టరు కొన్నది దుంగల్ని" అంది మేస్త్రక్క ఆ మీటింగులోనే. "మన భుజాలు ఇంకా మనవే. ఎత్తొద్దు."

ఎత్తలేదు. డిపోలో లారీలు ఖాళీగా నిలబడ్డాయి. కాంట్రాక్టరు కారు దిగి బూతులు తిట్టాడు, పోయాడు, ఒక లారీ నిండా మనుషుల్ని తెచ్చాడు. అడవిలో చెట్లు కొట్టే కూలీలు వాళ్లు.

"దారి వదలండి!" అన్నాడు వాళ్ల పెద్దాయన. మరిది గడ్డపార అందుకున్నాడు. అటువైపు గొడ్డళ్లు లేచాయి. మేస్త్రక్క మధ్యలోకి వచ్చి నిలబడింది.

"దించరా" అంది మరిదితో. తర్వాత పెద్దాయన వైపు తిరిగింది. "అన్నా, మీ పని ఏమైంది?"

"కొత్త రూలొచ్చిందని అడవిలో అడుగు పెట్టనివ్వట్లేదు. ఇదీ వదులుకుంటే మా పిల్లలకేం పెట్టాలి?"

"మిమ్మల్ని తరిమిన జీపులే మా మిల్లు మూశాయి. ఇవాళ ఈ కాంట్రాక్టరు మీ చేత మా కడుపు కొట్టిస్తున్నాడు. రేపు క్రేను తెచ్చి మీ కడుపూ కొడతాడు."

"మాటలతో ఆకలి తీరుతుందా?"

"తీరదు. మేం వండుకున్నది మీరూ మేమూ పంచుకోవాలి. అది సగం కడుపుకే వస్తుంది. అబద్ధం చెప్పను."

పెద్దాయన ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు.

"ఏంట్రా ముచ్చట్లు? మోయండి, గాడిదల్లారా!" అని అరిచాడు కాంట్రాక్టరు.

పెద్దాయన మెల్లగా వెనక్కి తిరిగాడు. "ఎవడ్రా గాడిద?" గొడ్డలి కింద పెట్టి దుంగ మీద కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు అతని వాళ్లంతా కూర్చున్నారు.

అప్పుడొచ్చారు పోలీసులు. అడగడం లేదు, చెప్పడం లేదు, లాఠీలే. మేస్త్రక్క నుదురు పగిలింది. జుట్టు పట్టి వ్యాన్‌లోకి ఈడ్చారు. మరిది "వదినా!" అంటూ వెంట పరుగెత్తబోయాడు.

"స్టేషనుకి ఒక్కరు కూడా రావద్దు!" అని లోపలినుంచి అరిచింది. "డిపో వదిలితే లారీలు కదులుతాయి!"

మరిది చెయ్యి పట్టుకుని ఆపింది ఆ పెద్దాయనే. సొంత వదినను తీసుకుపోతుంటే చూస్తూ నిలబడటం కంటే దెబ్బలు తినడమే తేలిక. అయినా అతను నిలబడ్డాడు. మేమంతా నిలబడ్డాం. లారీ ఒక్కటీ కదల్లేదు.

మర్నాడు పొద్దున కాంట్రాక్టరు మిల్లులో రంపం మోగలేదు. అక్కడ కోతపని చేసేవాళ్లు మోటారు ఆపేసి, డిపో వైపు నడిచొస్తున్నారు. వాళ్ల వెనకే పోలీసు వ్యాన్లు. నిన్నటికంటే ఎక్కువున్నాయి.

మేం దుంగల మీద సర్దుకుని ఆ కోతపనివాళ్లకు చోటిచ్చాం.